వైజాగ్‌లో ఒక దొంగ ఫోర్డు, ఒక నిజమైన హెరాల్డు

వైజాగ్ వెళ్లేవాళ్లు బీచ్ రోడ్డు పొడవునా ఏది చూసినా చూడండి గానీ, "వింటేజ్ కార్ రైడ్" అని పిలిస్తే మాత్రం జేబులో చెయ్యి పెట్టకండి. మనిషికి 900 చొప్పున ముగ్గురికి 2,700, ఫొటోల పేరు చెప్పి ఇంకో 400. మొత్తం 3,100 రూపాయలు వదిలాయి. ఆ మంట ఇంకా చల్లారలేదు. గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన పైసా పుచ్చుకోకుండా పూటంతా తన బండి చూపించారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ ప్రయాణం గురించి ఒక్క మంచి ముక్క కూడా రాసేవాణ్ణి కాదు.

వెళ్లింది నేను, మా మావయ్య, ఆయన కొడుకు. బావ సముద్రం కోసం వచ్చాడు. నేనూ మావయ్యా పాత బండ్ల కోసం. మావయ్య ఆర్టీసీ గ్యారేజీలో ఇంజన్లు దించీ ఎక్కించీ రిటైరైన మనిషి. మా తాతయ్యకు స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉండేది, మావయ్య డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. ఆ బండి అమ్మేసిన సంగతి ఇప్పటికీ ఎవరైనా ఎత్తితే భోజనం దగ్గర్నుంచి లేచిపోతారు.

సికింద్రాబాద్ నుంచి గోదావరి ఎక్కాం, హాయిగా పడుకున్నాం, దిగాం. ఆర్కే బీచ్ వెనక సందులో లాడ్జి, రోజుకు 2,400. "సీ వ్యూ" అన్న గది కిటికీ తెరిస్తే పక్కింటి వాటర్ ట్యాంకు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి కాబట్టి దాని జోలికి పోను. కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం మాత్రం తప్పకుండా చూడండి. డీజిల్ ఇంజన్ల దగ్గర మావయ్యను కదిలించడం మా వల్ల కాలేదు.

ఇక ఆ రైడ్. బోర్డు మీద "1932 ఫోర్డ్" అని పెద్ద అక్షరాలు. పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్లకి ఆ అంకె చాలు, గుండె ఆగుతుంది. మామూలు మనిషి కొనుక్కోగల ధరలో వీ8 ఇంజన్, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, ఇచ్చిన బండి అది. 221 క్యూబిక్ ఇంచీలు, అంటే 3.6 లీటర్లు, 65 హార్స్‌పవర్. అమెరికా కుర్రాళ్లు వాటిని సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా కొని, మడ్‌గార్డులు పీకి, టాపు కోసి కిందికి దించి, ఇంకో కార్బ్యురేటర్ తగిలించి, కాలిఫోర్నియాలో మ్యూరాక్ లాంటి ఎండిన సరస్సుల్లో పరుగెత్తించేవారు. ఎవరి బండి ఎంత వేగమో లెక్క కట్టడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ కూడా పెట్టుకున్నారు. హాట్ రాడ్ అంటే ఆ చేతిపని. అలాంటిది మన వైజాగ్‌లో ఉందంటే ఎగిరి గంతేశాం.

మావయ్య ఎక్కబోతూ బానెట్ మీద వేలితో కొట్టారు. రేకు మోత కాదు, ఫైబర్ చప్పుడు. వంగి చూస్తే గ్రిల్ వెనక రేడియేటర్ లేదు. సీటు కింద బ్యాటరీలు, వెనక ఇరుసుకి మోటారు, చక్రాలకి ఆటో టైర్లు. డబ్బు అప్పటికే కట్టించుకున్నారు, రసీదు వెనక "వాపసు లేదు" అని అచ్చేసుంది. కౌంటర్లో కుర్రాణ్ణి అడిగితే, "మోడల్ 1932 సార్, బండి 1932ది అని మేమనలేదు కదా" అన్నాడు. పావుగంట తిప్పుతామని అయిదారు నిమిషాల్లో దించేశారు. బావ సెల్ఫీలు దిగి, "పోనీ నాన్నా, ముచ్చటగానే ఉంది కదా" అన్నాడు. మావయ్య ఆ సాయంత్రం పిడత కింద పప్పు కూడా ముట్టలేదు. "బ్యాటరీ బండి అని రాసి 200 అడిగితే నవ్వుతూ ఎక్కేవాణ్ణిరా" అన్నారు.

ఆయన మాటే నా మాట. కొత్తగా కట్టిన బండిని నేనెప్పుడూ చిన్నచూపు చూడను. మా హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. బర్గర్ ఆకారంలో, హైహీల్ చెప్పు ఆకారంలో సుధాకర్ గారు కట్టిన కార్లన్నీ "మేం చేతితో చేసిన బండ్లం" అని చెప్పుకుని నిలబడతాయి. అందుకే వాటి ముందు ఎంతసేపైనా నిలబడాలనిపిస్తుంది.

మర్నాడు మావయ్య పాత సహోద్యోగి ఒకాయన చెబితే గాజువాక వెళ్లాం. ఆటో 450 అడిగాడు, 380కి తెగింది. లేత్ షాపులు, వెల్డింగ్ షెడ్లు దాటాక రేకుల షెడ్డు. లోపల రెండు సీట్ల టాపులేని ఎర్ర బండి. షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన పెద్దాయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, మేం నోరు తెరవకముందే మొదలెట్టారు. "రండ్రండి. స్టీరింగ్ అంబాసిడర్‌దండి, సీట్లు మారుతివి, మీటర్లు ఫియట్‌వి. రేకు మాత్రం నాదే. నాలుగేళ్లు పట్టీసింది."

కింద ఛాసీ, అంటే బండిని మోసే ఇనప చట్రం, చూడగానే మావయ్య మోకాళ్ల మీద కూచుండిపోయారు. హెరాల్డ్! ఇటలీ డిజైనర్ మికెలోట్టి గీసిన బొమ్మ, 1961 నుంచి మద్రాసులో తయారైన బండి. ఇలాంటి పనికి దాన్నే ఎందుకు ఎంచుకుంటారంటే దాని ఛాసీ విడిగా ఉంటుంది, బోల్టులు విప్పితే బాడీ మొత్తం లేచి వస్తుంది. అంబాసిడర్‌తో, ఫియట్‌తో అలా కుదరదు, వాటికి బాడీయే బలం. బానెట్ కూడా ఆయన పాత పద్ధతిలోనే ఉంచారు. మడ్‌గార్డులతో సహా ముందుకి, మొసలి నోరు తెరిచినట్టు లేస్తుంది. టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు.

రేకు అంచుల్ని చేత్తో తడిమాను. తలుపు మడత దగ్గర సుత్తి దెబ్బలు సన్నగా తెలుస్తాయి. పుట్టీ పెట్టి కప్పేయొచ్చు కదా అన్నాడు బావ. "పుట్టీ కింద నీరు చేరీసిందంటే అయిపోయినట్టే బాబూ, ఈ ఉప్పుగాలికి ఏడాది ఆగదు" అన్నారాయన. కింద భాగమంతా తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు, దాని మీద వాడేసిన ఇంజన్ ఆయిల్ పూత.

తర్వాత మావయ్యను పక్కన కూర్చోబెట్టుకుని ఆవరణలోనే తిప్పారు. హెరాల్డ్ తిరగడానికి 25 అడుగుల చోటు చాలు. ఒక్కసారి కూడా రివర్స్ వెయ్యకుండా ఆ కాస్త జాగాలో చుట్టూ తిరిగింది. దిగాక మావయ్య కళ్లు తుడుచుకున్నారు. బావ మొదటిసారి ఫోన్ జేబులో పెట్టి, గేర్లెలా పడతాయని అడిగాడు.

ఆ బండి రోడ్డెక్కదు. అసలు బాధ అదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 2021లో 50 ఏళ్లు దాటిన బండ్లకి, వింటేజ్ అని తెలిసేలా, "వీఏ" నంబర్లు తెచ్చారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, గడువు పదేళ్లు. కానీ ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. పెద్దాయన బండికి బాడీ మొత్తం సొంతంగా చేసిందే. బ్రేకులు, లైట్లు, పొగ చూసి పాసైతే నంబరిచ్చే దారి ఇలాంటివాళ్లకి ఉండి తీరాలి. బ్రిటన్‌లో ఒక్కో బండినీ విడిగా పరీక్షించి ఒప్పుకునే పద్ధతి ఉంది. ఫైబర్ డొల్లని ఫోర్డని అమ్ముకునేవాడికి అడ్డు లేదు, ఈయనకి మాత్రం గేటు దాటే వీల్లేదు!

మధ్యాహ్నం ఆయనే మమ్మల్ని దగ్గర్లోని మెస్సుకి తీసుకెళ్లారు. భోజనం 120, వంజరం వేపుడు ముక్క 150. ఆ మంట కారానికి మావయ్య రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. బిల్లు మా చేత కట్టించడానికే పెద్ద గొడవ పడాల్సొచ్చింది.

వైజాగ్‌లో గానీ ఇంకెక్కడ గానీ పాత బండి ఎక్కమంటే ముందు బానెట్ ఎత్తమనండి, ఆర్సీ చూపించమనండి. ఆ తర్వాతే డబ్బు. ఇంకోటి: పెద్దాయన బండికి వెనక ఎడమవైపు లైటు అద్దం పగిలి ఉంది, ఎర్ర ప్లాస్టిక్ అంటించి నెట్టుకొస్తున్నారు. మావయ్య ఇప్పుడు రోజు విడిచి రోజు రాణిగంజ్ దుకాణాలు గాలిస్తున్నారు. మీ ఇంటి అటకమీద హెరాల్డ్ సామాను ఏదున్నా చెప్పండి, అడిగిన ధర ఇచ్చి తీసుకెళ్తాం.