గోడలు లేని ఇంట్లో మూడు రంగులు: ఐదేళ్లుగా నా పేచీ ఒక్క మూలతోనే

రంగుల మీద నాకు కోపం లేదు. ముందే చెప్తున్నా, ఎందుకంటే కింద రాసింది చదివితే అలాగే అనిపిస్తుంది. నా కోపమంతా రెండు రంగులు కలిసే ఒక మూల మీద. హాలు గోడ అయిపోయి భోజనాల బల్ల వైపు తిరిగే చోట, నడిచేవాళ్ల భుజానికి తగిలేలా పొడుచుకొచ్చిన బయటి మూల అది. ఒక పక్క మీగడ రంగు, ఇంకో పక్క బూడిద కలిసిన ఆకుపచ్చ. ఆ రంగులు ఎంచుకోవడానికి మూడు వారాలు కొట్టుకున్నాం. "ఆకుపచ్చ ఎక్కడ ఆపమంటారు?" అని పెయింటర్ అడిగితే మాత్రం, ఫోన్ మాట్లాడుతూనే ఆ మూల వైపు వేలు చూపించాను.

మా హాలు, భోజనాల చోటు, వంటగది మూడూ కలిపి ఒకటే గది. మధ్యలో తలుపు లేదు, గుమ్మం లేదు. హాలుకి మీగడ రంగు, బల్ల వెనక ఆకుపచ్చ, వంటగట్టు వెనక చివరి గోడకి మాసిన ఇటుక రంగు. సీలింగ్ మొత్తం ఒకటే తెలుపు. మొదటి ఏడాది ఎవరు అడిగినా కళ్లు మూసుకుని వేయించుకోండి అన్నాను. గోడ కట్టకుండానే మూడు గదులు వచ్చేశాయని గొప్పలు కూడా పోయాను.

ఎనిమిదో నెలలో బల్ల జరుపుతుంటే దాని అంచు సరిగ్గా ఆ మూలకి తగిలి, బొటనవేలి గోరంత పెచ్చు లేచింది. అంతే. గోడంతా ఒకటే రంగైతే ఆ దెబ్బని నేను కూడా మర్చిపోయేదాన్ని. కానీ అది రెండు రంగుల మధ్య గీత మీద పడింది. ఆ గీత మీదికి కన్ను ఎలాగూ ముందే పోతుంది, తెగిన చోట ఇక ఆగిపోతుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అక్కడే చూస్తున్నారని నాకు అనుమానం. నిజానికి ఎవరూ చూసి ఉండరు.

సరే, చిన్న పనే కదా అని నేనే మొదలుపెట్టాను. పుట్టీ నింపి, ఎమెరీ కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, మీగడ రంగు వైపు మాస్కింగ్ టేపు అంటించి ఆకుపచ్చ వేశాను. పూర్తిగా ఆరాక టేపు లాగితే రెండు అనర్థాలు ఒకేసారి. టేపు కిందికి ఆకుపచ్చ పాకి గీత రంపం పళ్లలా తయారైంది. పైగా టేపుతో పాటు మీగడ రంగు పొర ఒక చీలిక ఊడి వచ్చింది. రెండోసారి పెయింటర్‌ని అడిగి చేశాను. టేపు అంటించాక దాని అంచు మీద ముందు మీగడ రంగే పల్చగా ఒకసారి వేయాలి. సందుల్లోకి పాకేదేదో ఆ రంగే పాకి, దారి మూసేస్తుంది. ఆ తర్వాతే ఆకుపచ్చ. అది పూర్తిగా ఆరకముందే, కాస్త తడిగా ఉండగానే టేపు తీసేయాలి. ఈసారి గీత కత్తితో కోసినట్టు వచ్చింది. మూడు రోజులు మురిసిపోయాను.

నాలుగో రోజు సాయంత్రం ఎండ గోడ వెంబడి ఏటవాలుగా పడింది. టచప్ చేసిన మేరంతా అతుకు వేసినట్టు మెరుస్తోంది. మాది కొంచెం మెరుపున్న శాటిన్ రకం. పాత పొర మాసి మెరుపు తగ్గింది, కొత్తది తగ్గలేదు. పైగా పాతది రోలర్‌తో వేసింది, నాది బ్రష్. ఇలాంటప్పుడు అతుకు దాగదు, మూల నుంచి మూల దాకా గోడంతా వేసుకోవడమే. ఆకుపచ్చ వైపు అది పెద్ద పనేం కాదు. మిగిలిన పాత డబ్బా గడ్డకట్టింది కాబట్టి అదే షేడ్ కోడ్‌తో కొత్తవి రెండు షాపులో కలిపించుకొచ్చాను. అదే కోడే అయినా రెండు డబ్బాలకీ వెంట్రుకవాసి తేడా ఉండొచ్చని పెయింటర్ చెప్పడంతో, రెండూ ఒకే బకెట్లో పోసి కలిపాకే గోడ మీద చెయ్యి వేశాం.

మీగడ రంగు వైపే నా కళ్లు తెరుచుకున్నాయి. మామూలు గదైతే రంగు ఏదో ఒక మూలకి చేరి ఆగుతుంది. మా గోడకి ఆగే చోటే లేదు. ఆ పెచ్చు దగ్గర మొదలుపెడితే కిటికీ మీదుగా, టీవీ వెనక నుంచి, వరండా మలుపు దాటి వీధి తలుపు దాకా ఒకటే గోడ. గోరంత దెబ్బకి 11 మీటర్ల గోడ! గోడలు తీసేస్తే ఇల్లు విశాలమవుతుందని అందరూ చెప్తారు, టచప్ కూడా విశాలమవుతుందని ఒక్కరూ చెప్పలేదు.

ఆ 11 మీటర్లు నేను వేయలేదు. రెండేళ్లు అలాగే వదిలేశాను. ఈలోగా ఆ మూలకి ఇంకో మూడు దెబ్బలు తగిలాయి. ఒకటి కుర్చీ, ఒకటి మా అబ్బాయి స్కూలు బ్యాగు, మూడోది ఎవరూ ఒప్పుకోలేదు.

చివరికి గీతనే జరిపేశాం. ఆ బయటి మూల తిరగ్గానే జానెడు వెడల్పు ముక్క ఉంటుంది. అది దాటితే లోపలి మూల వస్తుంది, అక్కడి నుంచి అసలు బల్ల వెనక గోడ. ఆ జానెడు ముక్క ఇన్నాళ్లూ ఆకుపచ్చలో ఉండేది. దాన్ని మీగడ రంగులోకి మార్చి, ఆకుపచ్చని లోపలి మూలలో మొదలుపెట్టాం. లోపలి మూలలో ఎప్పుడూ కాస్త నీడ ఉంటుంది, గీత అటూ ఇటూ వంకర పోయినా తెలియదు. కుర్చీ కాళ్లు అక్కడిదాకా పోవు. బయటి మూలకి ఇప్పుడు రెండు పక్కలా ఒకే రంగు, పెచ్చు లేచినా చిన్న బ్రష్‌తో అద్దేస్తే నాలుగడుగుల దూరం నుంచి కనబడదు. ఇంకొకటి అనుకోకుండా జరిగింది. ఆకుపచ్చ వెనక్కి జరిగి, బల్ల గూట్లో పెట్టినట్టు ఒదిగిపోయింది. మొదటి ఏడాది నేను గొప్పగా చెప్పిన "వేరే గది" ఇప్పుడే వచ్చిందనిపిస్తుంది.

ఆ గొప్పల్లో ఇంకో రెండు సవరించాలి. హాలు రంగు దాదాపు తెలుపేనని అందరికీ చెప్పాను. ఒంటరిగా చూస్తే అంతే, ఆకుపచ్చ పక్కన మాత్రం లేత గులాబి పట్టినట్టుంటుంది. డబ్బా మారిందేమోనని పెయింటర్‌ని అనుమానించాను కూడా. తప్పు నాదే. షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తకి ఇలాంటి ఫిర్యాదే వచ్చింది. ఆయన పారిస్‌లో బొమ్మల తెరలు నేసే గోబ్లాఁ నేతశాలలో అద్దకాల విభాగానికి పెద్దగా ఉన్నప్పుడు నల్లరంగు నూలు వెలవెలబోతోందన్నారు. అద్దకంలో లోపం పెద్దగా లేదు, పక్కనున్న రంగులే దాన్ని అలా చూపిస్తున్నాయని ఆయన తేల్చి, 1839లో దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. షేడ్ కార్డులో వేలెడంత ముక్కని విడిగా చూసి నిర్ణయిస్తే ఇదంతా తెలియదు. పెద్ద అట్టల మీద రెండేసి కోటింగులు వేసి, పక్కపక్కనే గోడకి ఆనించి, పొద్దున, మధ్యాహ్నం, దీపాలు వేశాక మూడుసార్లు చూసుకోవాల్సింది.

దీపాల సంగతీ అంతే. వంటగట్టు మీద 6500 కెల్విన్ తెల్ల లైటు, బల్ల మీద 2700 పసుపు లైటు పెట్టాం. మధ్యలో గోడ లేదు కాబట్టి రెండూ ఆకుపచ్చ మీదే పడి, ఒక సగం బూడిద, ఒక సగం ఆలివ్. అన్నీ ఒకే రకానికి మార్చాకే సర్దుకుంది. ఇటుక రంగు గోడ ఇల్లంతటికీ వెచ్చదనం తెస్తుందని కూడా అప్పట్లో గొప్పగా చెప్పాను, అది పగటి మాట. లైట్లు వేయకముందు మునిమాపు వేళ మిగతా రంగుల కన్నా ముందు అదే నల్లబడుతుంది. మసక వెలుతురులో మన కంటికి ఎరుపు ముందు చచ్చిపోతుంది, ఆకుపచ్చ ఇంకాసేపు నిలుస్తుంది.

మళ్లీ వేయిస్తే మూడు రంగులే వేయిస్తాను. కానీ మాది సొంతిల్లు, రంగు మిగిలితే దాచుకునే చోటుంది, బ్రష్ పట్టడం నాకు సరదా. బల్లలూ కుర్చీలూ తరచూ జరిపే ఇల్లైతే, లోపలి మూల ఒక్కటీ దొరక్కపోతే, రెండో రంగు గురించి నేనైతే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. అద్దె ఇల్లైతే మీ ఇష్టం, ఖాళీ చేసేటప్పుడు ఆకుపచ్చ మీద మీగడ రంగు ఎక్కించడం అంత తేలిక కాదు. ఆ జానెడు ముక్కకే ప్రైమర్ కాక మూడు కోటింగులు పట్టాయి. ఇప్పటికీ సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే పాత టేపు అంచు సన్నటి గట్టులా తెలుస్తుంది. మావారు అక్కడ ఏమీ లేదంటారు.