నెయ్యా, నువ్వుల నూనా, మత్తి చేపా: వీర్యకణాలకు ఏది మేలు?

నా రిపోర్టు సంగతి నేను దాచుకోలేదు. అందుకే చెన్నైలో మనవాళ్ళు ఎక్కడ కలిసినా పక్కకు పిలిచి అడిగేది ఇదే: "నెయ్యి తినాలా, నూనె మార్చాలా?" నా వీర్య పరీక్షలో కణాల కదలిక 34 శాతం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం కనీసం 42 ఉండాలి.

నెల్లూరు నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "రెండు చెంచాలు నెయ్యి వేసుకో నాయనా, బలం" అంటుంది. బలం మాటేమో గానీ, నెయ్యిలో సగానికి పైగా సంతృప్త కొవ్వే. డెన్మార్క్‌లో దాదాపు 700 మంది కుర్రాళ్ళను పరిశీలించి 2013లో ఒక లెక్క చెప్పారు: ఈ కొవ్వు బాగా తక్కువ తిన్నవాళ్ళతో పోలిస్తే, బాగా ఎక్కువ తిన్నవాళ్ళకు కణాల సాంద్రత 38 శాతం తక్కువ. అయితే వాళ్ళు తినేది చీజు, వెన్న, మాంసం. పప్పన్నంలో చెంచా నెయ్యికి అదే లెక్క కట్టలేం. నేను ఒక చెంచా ఉంచి, రెండోది మానేశాను.

ఇక్కడివాళ్ళ నల్లెణ్ణై, అదే మన నువ్వుల నూనె, ఈ విషయంలో నెయ్యి కంటే నయం. సంతృప్త కొవ్వు ఏడో వంతుకు అటూ ఇటూ. కానీ వీర్యకణాలకు పనికొచ్చే ఒమేగా-3 కొవ్వు దాదాపు లేదు. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలదీ అదే కథ. కొబ్బరి నూనెలో నెయ్యి కంటే సంతృప్త కొవ్వు ఎక్కువ. ఆలివ్ నూనె మంచిదే, ఉన్నవాళ్ళు వాడుకోవచ్చు.

నా దృష్టిలో అసలు సంగతి నూనె డబ్బాలో లేదు. వీర్యకణం ఈదేది తోకతో. ఆ తోక పైపొర మెత్తగా వంగాలంటే డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు కావాలి. అది నేరుగా దొరికేది చేపలో. అవిసె గింజల్లో ఉన్నది వేరే రకం, ఒంట్లో డీహెచ్ఏగా మారేది బహు కొద్ది. శాకాహారులైతే వాల్‌నట్లు చూడొచ్చు: 2012లో ఆరోగ్యంగా ఉన్న యువకులకు రోజుకు 75 గ్రాములు 12 వారాలు పెడితే కదలిక, ఆకారం మెరుగయ్యాయి. కాకపోతే రోజూ అన్ని తినాలంటే జేబు చూసుకోవాలి.

నేను మాత్రం ఆదివారం తెల్లారేసరికి కాసిమేడు చేపల రేవులో ఉంటా. వెండి బిళ్ళల్లా మెరిసే మత్తి, మన కవళ్ళు. వేపుడు జోలికి పోను, మామిడికాయ వేసి పులుసే.

ఒక కణం తయారై బయటికి రావడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది కాబట్టి పదిహేను రోజులకే మళ్ళీ పరీక్షకు పరిగెత్తకండి. కణాలు మరీ తక్కువనో, అసలు లేవనో వస్తే మాత్రం ఈ వంటింటి పంచాయితీ వదిలేసి ఆండ్రాలజిస్టును, అంటే మగవాళ్ళ సంతాన సమస్యలు చూసే డాక్టరును కలవండి.

మూడు నెలలకు నాది 41 వచ్చింది. మధ్యలో సిగరెట్టు కూడా మానేశాను కాబట్టి పుణ్యమంతా మత్తికే కట్టబెట్టలేను. అమ్మకు ఆ అనుమానాలేం లేవు. "నెయ్యి వేసుకుంటున్నావుగా, అందుకే" అంది.