పీహెచ్‌క్యూ-9 ఇవ్వాలా, హాడ్స్ ఇవ్వాలా?

నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల దిగులును (డిప్రెషన్‌ను) కొలవడానికి పీహెచ్‌క్యూ-9, హాడ్స్ అనే ప్రశ్నల కాగితాల్లో ఏది నయం?

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల గురించి. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్ వివరంగా మాట్లాడాలి. చిక్కేంటంటే నిద్ర, నీరసం, ఆకలి కూడా ఇందులో లెక్కకొస్తాయి. మోకాళ్ల నొప్పితో రాత్రంతా నిద్రపట్టని మనిషికి దిగులు లేకపోయినా మార్కులు పడతాయి.

1983లో వచ్చిన హాడ్స్‌ను ఆసుపత్రి రోగుల కోసమే తయారుచేశారు. నిద్ర, నీరసం, ఆకలి గురించి ఇది అడగదు. టెన్షన్‌కు ఏడు, దిగులుకు ఏడు ప్రశ్నలు, వారం రోజుల గురించి. అయితే ‘పనుల్లో మందగించినట్టుందా’ అన్న ప్రశ్న ఇందులోనూ ఉంది. కీళ్లు పట్టేసినవాళ్లు ఇంకేమంటారు! పైగా దీనికి లైసెన్సు కావాలి, పీహెచ్‌క్యూ ఉచితం.

నేనైతే పీహెచ్‌క్యూ-9నే ఎంచుకుంటాను, దాని తొమ్మిదో ప్రశ్న కోసం. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని అది నేరుగా అడుగుతుంది, హాడ్స్ అడగదు. పత్తికి కొట్టే పురుగుమందు ఇంట్లోనే ఉండే ఊళ్లలో ఆ ప్రశ్న వదిలేయకూడదు. వస్తున్నాయన్నవాళ్లతో, మొత్తం మార్కులు తక్కువైనా, ఆ రోజే మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.