దిండిలో బస, అంతర్వేదిలో గాలం

కోనసీమలో గోదావరి పాయ అయిన వశిష్ఠలో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) వేసుకుని, బతికున్న ఎర చేపను వెనకాల లాగుతూ పండుగప్ప (సీబాస్) చేప కోసం తిరగాలనుకుంటే గది కంటే ముందు సముద్రం పోటు (నీళ్లు పెరగడం), పాటు (నీళ్లు తీయడం) వేళలు చూసుకోండి. ఈ తీరంలో అవి రోజుకు రెండేసి సార్లు. అంతర్వేదిలో నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర పాటు మొదలైతే నీళ్లన్నీ సముద్రంలోకే లాగేస్తాయి. తెడ్డుతో దానికి ఎదురెళ్లడం చాలా కష్టం. అందుకే మేం ఆ మొగ (నదీముఖం) దాకా పోకుండా లోపల మడచెట్ల వారనే తిరిగాం.

ఎర చేపకు గాలం ముక్కు దగ్గర గుచ్చాలి. అప్పుడది లాగే దిక్కుకే తిన్నగా ఈదుతుంది. వీపుకి గుచ్చితే అడ్డం తిరిగి కాసేపట్లో చచ్చిపోతుంది. తెడ్డు చాలా నెమ్మదిగా వేయాలి, మనిషి తీరిగ్గా నడిచినంత వేగం కూడా వద్దు. సర్కిల్ హుక్ (కొన లోపలికి వంగిన గాలం) అయితే రాడ్ గుంజక్కర్లేదు, చేప పక్కకు తిరగ్గానే మూతి మూలన పడుతుంది. పండుగప్ప చెంప అంచు బ్లేడులా కోస్తుంది, గ్లోవ్స్ తప్పనిసరి. పెద్దవాటిని దయచేసి వదిలేయండి. ఈ చేపలు ముందు మగవిగా ఉండి, పెరిగాక ఆడవిగా మారతాయి. పెద్దదాన్ని కోసుకుంటే గుడ్లు పెట్టే తల్లిని చంపినట్టే.

బసకు దిండి ఊరు బాగుంటుంది. కొబ్బరి తోటలు, నది ఒడ్డు, కయాక్ దించడానికి సుఖం. కాకపోతే మేం దిగిన చోట పొద్దున్నే టీ కూడా ఇవ్వలేదు, వేటకేమో చీకటితోనే అంతర్వేదికి బయల్దేరాలి. అంతర్వేదిలోనే సత్రం చూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. మాఘంలో అక్కడి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం రోజుల్లో మాత్రం గది దొరకడం కష్టం.

ఖర్చు ఎక్కడైనా తగ్గించండి గానీ, తోడుగా ఇంజన్ పడవతో వచ్చే స్థానిక మత్స్యకారుడి దగ్గర వద్దు. "నీళ్లు తిరుగుతున్నాయండి, వెనక్కొచ్చేయండి బాబూ" అని మాతో వచ్చినాయన కేకేసిన కాసేపటికే ప్రవాహం మారింది. మా డబ్బుకు నూటికి నూరుపాళ్లు విలువ దక్కింది అక్కడే.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి చూసి తీరాల్సిందే, అయితే అది అభయారణ్యం. గాలం కారులోనే ఉంచి చెక్క బాట మీద నడవండి.

వరదకు ఎర్రనీరు దిగే పులస చేపల కాలం ఈ వేటకు పనికిరాదు. నీళ్లు తేటపడి ఉప్పునీరు నదిలో పైకెక్కే చలికాలంలో రండి. నర్సాపురం నుంచి వచ్చేవాళ్లు సఖినేటిపల్లి పంటు (వాహనాలను నది దాటించే పెద్ద పడవ) మీద కారు దాటించుకుంటే చించినాడ వంతెన చుట్టు తప్పుతుంది. కారు పైన కయాక్ ఉందని రేవులో ముందే చెప్పండి.