‘సోల్డరింగ్ అక్కర్లేదు’ అన్న డీకోడర్‌తో నాలుగేళ్లు

డబ్బా మీద ‘సోల్డరింగ్ అక్కర్లేదు’ అని పెద్దక్షరాలతో ఉంటుంది. డీకోడర్ అంటే పట్టాల్లో కరెంటుతో పాటు వచ్చే డిజిటల్ ఆజ్ఞల్ని చదివి, బొమ్మ రైలింజిన్ మోటారునీ లైట్లనీ నడిపే చిన్న బోర్డు. ఈ డిజిటల్ పద్ధతినే డీసీసీ అంటారు. నాలుగేళ్లలో ఐదు ఇంజిన్లకు ఇదే బోర్డు వేశాను. ఆ మాట చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కోపం డీకోడర్ మీద కాదు, ఆ మాట మీద.

ఎన్ స్కేల్‌లో, అంటే అసలు బండిలో 160వ వంతు సైజులో, అమెరికన్ డీజిళ్లు నడిపేవాళ్లకు ఈ రకం బోర్డు తెలిసిందే. ఇంజిన్ తొడుగు తీసి, లోపల ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన లైటు బోర్డును లాగేసి, అచ్చం అదే కొలతలో ఉన్న డీకోడర్ బోర్డును ఆ గాడిలోకి తోయాలి. ఎరుపు, నలుపు, నారింజ, బూడిద రంగు తీగలతో కుస్తీ పట్టక్కర్లేదు. కంపెనీ పేరు రాయను. ఇంకో కంపెనీ బోర్డు వాడిన మిత్రుడొకరు ఇంచుమించు ఇదే కథ చెప్పాడు కాబట్టి, ఒక్కళ్లనే బోనెక్కించడం న్యాయం కాదు.

మొదటి బోర్డు వేసిన రోజు మాత్రం నాకు పండగే. మాది నేపర్‌విల్. షికాగో నుంచి అరోరా వెళ్లే బీఎన్‌ఎస్‌ఎఫ్ రైల్వే మూడు లైన్ల మెయిన్ మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. బేస్‌మెంట్‌లో నేను వేసుకున్న పట్టాలు కూడా ఆ లైన్‌కి నకలే, కాకపోతే నాకు రెండు లైన్లకే చోటు దొరికింది. దాని మీద బర్లింగ్టన్ నార్తర్న్ రైల్వే ఆకుపచ్చ రంగు ఎస్‌డీ-40-2 డీజిల్ ఇంజిన్ బొమ్మ, పొడవు 13 సెంటీమీటర్లు. స్పీడ్ స్టెప్ 1లో, అంటే అన్నిటికన్నా తక్కువ వేగంలో పెట్టి చూస్తే, స్లీపరు మీద నుంచి స్లీపరు మీదికి చీమ పాకినట్టు వెళ్లింది. మామూలు డీసీ కంట్రోలర్‌తో అదే ఇంజిన్ కదలాలంటే నాబ్ సగం తిప్పాలి, తిప్పితే కుందేలులా దూకేది. ఇందులో మోటారు తిరిగే వేగాన్ని డీకోడర్ తనే చూసుకుంటూ, ఎంత కావాలో అంతే కరెంటు అందిస్తుంది. అది చూసిన ఊపులో నలుగురు మిత్రులకు మెసేజ్ పెట్టాను: ‘పావుగంట పని. కళ్లు మూసుకుని కొనండి.’ ఇద్దరు కొన్నారు కూడా. పావుగంట అన్నది ఇప్పటికీ నిజమే. కళ్లు మూసుకోమన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

మూడో వారానికి నస మొదలైంది. ఇరవై నిమిషాలు చక్కగా తిరిగి, ఉన్నట్టుండి ఆగిపోయేది. వేలితో తొడుగు మీద చిన్నగా నొక్కితే మళ్లీ కదిలేది. ముందు పట్టాలు మురికి పట్టాయనుకున్నాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి పట్టాలు తుడిచాను, చక్రాలు తుడిచాను. లాభం లేదు. చివరికి తొడుగు తీసేసి ఇంజిన్‌ను అలాగే నడిపిస్తూ, వెదురు టూత్‌పిక్‌తో బోర్డును ఒక మూల తాకాను. హెడ్‌లైట్ ఆరింది. వదిలితే వెలిగింది. ఇంకో మూల తాకితే ఇంజినే ఆగింది.

విషయం ఏంటంటే, ఈ ఇంజిన్ల ఫ్రేమ్ నిలువునా రెండు ముక్కలు. కుడి ముక్కకు కుడి పట్టా కరెంటు, ఎడమ ముక్కకు ఎడమ పట్టా కరెంటు. ఈ రెండు ముక్కలూ బోర్డు అంచుల్ని బిగించి పట్టుకుంటేనే డీకోడర్‌కి కరెంటు అందుతుంది. స్ప్రింగు లేదు, స్క్రూ లేదు, కేవలం రాపిడి. ఫ్యాక్టరీ లైటు బోర్డు కన్నా ఈ బోర్డు మందం ఒక వెంట్రుక తక్కువున్నా చాలు, గాడిలో కదులుతుంది. మోటారు వేడికో, బేస్‌మెంట్‌లో జనవరి చలికో ఆ బిగువు ఇంకాస్త వదులవుతుంది. బోర్డు బయటికి తీసి చూస్తే రాగి అంచుల మీద ఆవగింజల్లా నల్లటి చుక్కలు. నిప్పురవ్వలు రేగిన గుర్తులు.

దీనికి విరుగుడు ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు, డబ్బాలో మాత్రం ఉండదు. బోర్డు అంచున ఫ్రేమ్ తాకే చోట పలచగా సోల్డర్ పూత పూయాలి. మా ఊళ్లో కంసాలి టంకం పెట్టినంత సుతారంగా. ఎక్కువైతే ఫ్రేమ్ ముక్కలు దగ్గరికి రావు. వచ్చేదాకా ఫ్రేమ్ స్క్రూలు బిగిస్తే, మోటారు తిప్పుడును చక్రాలకు అందించే వార్మ్ గేర్ల బేరింగులు పట్టేసి, మోటారు మూలుగుతుంది. నేను మొదటిసారి ఎక్కువే పూశాను. తర్వాత సన్న ఆకురాయితో రుద్దుకుంటూ కూర్చున్నాను. సోల్డరింగ్ అక్కర్లేని డీకోడర్‌కి సోల్డరింగ్ ఐరన్, ఫ్లక్స్, అర మిల్లీమీటరు సోల్డర్ తీగ, ఆకురాయి అన్నీ వాడానన్నమాట.

ఈ వదులు బోర్డు వల్లే ఇంకో చిత్రం కూడా చూశాను. సైడింగ్‌లో నిలబెట్టిన ఇంజిన్ ఎవరూ ముట్టుకోకుండానే పూర్తి వేగంతో దూసుకుపోయి చివరున్న బఫర్‌ను గుద్దింది. కరెంటు తెగి మళ్లీ అందినప్పుడు డీకోడర్ తికమకపడి, తాను మామూలు డీసీ పట్టాల మీద ఉన్నాననుకుంది. వచ్చిన వోల్టులన్నీ మోటారుకే ఇచ్చేసింది. డీకోడర్‌లో సీవీ 29 అనే సెట్టింగ్‌లో ఆ డీసీ అనుమతిని తీసేస్తే చాలు. నాలుగంకెల అడ్రస్ (ఇంజిన్‌ని పిలిచే నంబరు) వాడేవాళ్లకు మామూలుగా అక్కడ 38 ఉంటుంది, దాన్ని 34 చేయాలి. ఇంజిన్ పెట్టెలోంచి బయటికి రాగానే నేను చేసే మొదటి పని ఇప్పుడు ఇదే.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది.

ఆ వేసవిలో బాపు, అంటే మా నాన్న, వచ్చాడు. కాజీపేట డీజిల్ షెడ్డులో ఎలక్ట్రికల్ ఫిట్టరుగా రిటైరైన మనిషి. ఆల్కో రకం డీజిల్ ఇంజిన్లతోనే బతుకంతా గడిచింది. నా బొమ్మ రైళ్లంటే మొదట్లో నవ్వేవాడు గానీ, ఈ ఎస్‌డీ-40-2 అసలు బండ్లు చేసిన లా గ్రాంజ్ ప్లాంటు మా లైన్‌కి దగ్గర్లోనే ఉండేదని చెప్పాక కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. నేను గొప్పగా నలభై వ్యాగన్లు తగిలించి, స్టెప్ 1లో బండిని కదిలించాను. ‘మస్తుగ పోతుందిరా’ అన్నాడు. రెండో చుట్టులో బండి ఆగింది. అలవాటు ప్రకారం తొడుగు మీద వేలితో నొక్కాను.

సన్నగా ఒక పొగ పోగు లేచింది. కాలిన బేకలైట్ లాంటి వాసన. పట్టాలకు కరెంటునీ ఆజ్ఞల్నీ పంపే కమాండ్ స్టేషన్ ఓవర్‌లోడ్ అని ఎర్రలైటు వేసి ఊరుకుంది.

ఇద్దరం కిచెన్ టేబుల్ మీద ఇంజిన్ విప్పాం. మోటారు నుంచి రెండు రాగి రేకులు పైకి వచ్చి బోర్డు కిందున్న ప్యాడ్‌లను తాకుతాయి. డీసీలో ఆ రేకులకీ ఫ్రేమ్‌కీ మధ్య కనెక్షన్ ఉండాలి, డీసీసీలో ఉండకూడదు. ఈ పనిలో మూలసూత్రం ఇదొక్కటే. పట్టా కరెంటు డీకోడర్‌లోకి వెళ్లాలి, మోటారుకి ఏం వెళ్లినా డీకోడర్ నుంచే వెళ్లాలి. నా ఇంజిన్‌లో ఒక రేకు పక్కకి జరిగి ఫ్రేమ్‌ని తాకింది. పట్టాలోని 12 వోల్టులు వెనక దారి నుంచి డీకోడర్ మోటారు చిప్‌లోకి చొరబడ్డాయి. చిప్ నడుమ సూది పొడిచినట్టు చిన్న బొక్క.

రేకు ఎందుకు జరిగిందంటే, అక్కడ నేను వేసిన టేపు వల్ల. వేయాల్సింది తేనె రంగులో ఉండే, వేడికి తట్టుకునే కాప్టన్ టేపు. ఆ రోజు అయిపోయిందని మామూలు నల్ల ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించాను. వేడికి దాని జిగురు కరిగి, టేపు జారి, రేకును కూడా లాక్కుపోయింది. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ రేకును ప్యాడ్ మీద నిలబెట్టేది కూడా రాపిడే కదా. ప్యాడ్‌కి సోల్డర్‌తో అంటించి ఉంటే ఎంత జిగురు కరిగినా అది కదిలేది కాదు.

బాపు కళ్లజోడు సవరించుకుని, రేకు వైపు చూపిస్తూ అడిగాడు: ‘గీ మోటర్‌కు బాడీకి నడుమ మెగ్గర్ పెట్టి చూసినవా?’

‘లేదు బాపూ. ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద పెట్టి అడ్రస్ చదివిన, అంతే.’

‘మెగ్గర్ చేయకుంటనే లైన్ మీదికి ఎట్ల తోలినవ్? షెడ్డుల గిట్ల చేస్తే చార్జిషీటు ఇస్తరు.’

మెగ్గర్ అంటే తీగల ఇన్సులేషన్ పరీక్షించే మీటరు. నిజం మెగ్గర్ పెడితే దాని 500 వోల్టులకు డీకోడర్ అక్కడికక్కడే బూడిద, అది వేరే సంగతి. కానీ మాట సరైనదే. ఆ రోజు నుంచి బోర్డు వేయకముందే మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, ఒక ముల్లు మోటారు రేకుకి, ఇంకోటి ఫ్రేమ్ ముక్కకి. తర్వాత రెండో ముక్కకి. తర్వాత అటు రేకుకి కూడా ఇదే వరస. బీప్ వినిపించిందా, అక్కడితో ఆగిపోవాలి. డీకోడర్ సెట్టింగులు రాసి, చదివే ప్రోగ్రామింగ్ ట్రాక్ కూడా మంచి కాపలాయే. అందులో కరెంటును 250 మిల్లీయాంపులకు కట్టేస్తారు కాబట్టి తప్పు జరిగినా మామూలుగా ఏదీ కాలదు. విలువ చదివేటప్పుడు డీకోడర్ మోటారును ఒక్క క్షణం కుదిపి జవాబు చెబుతుంది, ఇంజిన్ ఉలిక్కిపడినట్టు కదులుతుంది. ఆ ఉలికిపాటు రాకపోతే కనెక్షన్ ఎక్కడో తెగిందని అర్థం. కాకపోతే ఆ పరీక్ష ఆ క్షణానికే. రెండు నెలల తర్వాత జారబోయే టేపు సంగతి దానికేం తెలుస్తుంది?

కాలిన బోర్డును కంపెనీకి పంపాను. 40 డాలర్ల వస్తువు, రెండు నెలల కిందే కొన్నది. వారం తర్వాత జవాబు వచ్చింది: బోర్డు మీద సోల్డర్ ఆనవాళ్లు ఉన్నాయి కాబట్టి వారంటీ వర్తించదు. సోల్డర్ పెట్టకపోతే బండి నడవదు, పెడితే వారంటీ ఉండదు. టేపు గురించి వాళ్లు తప్పు పట్టి ఉంటే నోరు మూసుకునేవాణ్ని. పట్టింది సోల్డర్‌ని. ఆ ఉత్తరం మీద కోపం ఇంకా దిగలేదు.

తర్వాతి నాలుగు ఇంజిన్లకీ ఒకే పద్ధతి. కొన్న రోజే బోర్డును ఊరికే ప్రోగ్రామింగ్ ట్రాక్ తీగలకు కలిపి, పనిచేస్తుందో లేదో చూస్తాను. పాడైన ముక్క వస్తే సోల్డర్ తగలకముందే వెనక్కి పంపొచ్చు. బాగుంటే అంచులకు పూత, మోటారు రేకులు రెండింటినీ ప్యాడ్‌లకు నేరుగా సోల్డర్, రేకుల కింద కాప్టన్. 330 డిగ్రీల దగ్గర సన్న మొన, రెండు సెకన్లకు మించకుండా. ఎక్కువసేపు ఉంచితే ప్యాడే బోర్డు నుంచి ఊడొస్తుంది, ఒకదానికి ఊడింది కూడా. ఈ నాలుగింటిలో మూడు ఇప్పటికి ఒక్కసారి కూడా ఆగలేదు. నాలుగోది ఆ ప్యాడ్ ఊడినది. దానికి తీగ వేసి బతికించాను, వంపుల్లో లైటు కాస్త మిణుకుమంటుంది.

ఆ నెమ్మది నడక గురించి కూడా ఒక మాట సవరించాలి. ఒంటరి ఇంజిన్‌కి అది అద్భుతమే. రెండింటిని జతచేసి పెద్ద బండి లాగిస్తే, రెండు డీకోడర్లూ ఎవరి వేగం వాళ్లు నిలబెట్టుకోవాలని పంతం పడతాయి, బండి కుదుపుతుంది. ఒకదాంట్లో ఆ పంతం తగ్గించి పెట్టాను, ఇప్పుడు పర్వాలేదు. కరెంటు తెగినప్పుడు ఆదుకునే కెపాసిటర్ పెట్టుకునేంత చోటు ఈ తొడుగుల్లో నాకు దొరకలేదు. ఇంతకన్నా పెద్దదైన హెచ్‌ఓ స్కేల్ వాళ్లను చూస్తే ఈ ఒక్క విషయంలో కుళ్లు పుడుతుంది.

మరి కొనాలా అంటే, ఎవరు అడుగుతున్నారన్న దాన్ని బట్టి. మీ ఇంజిన్‌లో డీకోడర్‌ను గుచ్చుకునే ఆరు పిన్నుల సాకెట్టో, నెక్స్ట్18 సాకెట్టో ఉంటే ఈ బోర్డు జోలికే వెళ్లక్కర్లేదు. సాకెట్ లేని పాత రెండు ముక్కల ఫ్రేమ్ బండ్లుంటే, సోల్డరింగ్ ఐరన్ పట్టిన చెయ్యి ఉంటే, కొనండి. డబ్బా మీది మాట నమ్మి మొదటిసారి చేతిలోకి తీసుకునేవాళ్లయితే, తెలిసినవాళ్ల పక్కన కూర్చుని మొదటిది వేసుకోవడం మేలు. నాకు 47 ఏళ్లు, బైఫోకల్స్ వచ్చాయి, వారానికి దొరికేది ఒక శనివారం రాత్రి. కాలేజీ కుర్రాడి చేతికి, కళ్లకి ఇదంతా నేను చెప్పినంత కష్టంగా ఉండకపోవచ్చు.

ఆరో బోర్డు సొరుగులో ఉంది. పోయిన థాంక్స్‌గివింగ్ తగ్గింపులో అదే కంపెనీది కొన్నాను, ఎందుకు కొన్నావంటే నా దగ్గర జవాబు లేదు. మొన్న ఫోన్‌లో బాపుకి చెబితే, ‘నేనొచ్చినంక విప్పుదాం, మీటర్ల కొత్త సెల్లు ఏసి పెట్టు’ అన్నాడు. వేసి పెట్టాను.