వార్డా, స్కిల్ ల్యాబా: నర్సింగ్ విద్యార్థికి ఏది మేలు?

మొదటిసారి క్యాన్యులా (సెలైన్ కోసం నరంలోకి దించే సన్నని గొట్టం) పట్టుకున్న చెయ్యి వణుకుతుంది. ఎవరికైనా వణుకుతుంది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఆ వణుకు ఎవరి ఒంటి మీద తీరాలి? ఎండదెబ్బ తగిలి కర్నూలు పెద్దాసుపత్రిలో చేరిన కూలి మనిషి చేతి మీదా, కాలేజీ స్కిల్ ల్యాబ్‌లో బల్ల మీద పెట్టిన రబ్బరు చేతి మీదా?

నేను కర్నూలులో నర్సింగ్ పిల్లలకు క్లినికల్ చెప్పే ట్యూటర్‌ని. అడ్మిషన్లప్పుడు ఆదోని నుంచీ నంద్యాల నుంచీ గుత్తి నుంచీ వచ్చే తల్లిదండ్రులు ఈమధ్య తప్పకుండా అడుగుతున్న మాట, "సిమ్యులేషన్ ల్యాబ్ ఉందా మేడమ్?" సిమ్యులేషన్ అంటే పేషెంటు బదులు బొమ్మ మీద నిజం కేసులాగే చేసే సాధన. అది ఉంటే మంచి కాలేజీ, లేకపోతే వెనకబడిన కాలేజీ అని వాళ్ల లెక్క. ఇటు వార్డుల్లో తల నెరిసిన సీనియర్ సిస్టర్లేమో, "బొమ్మల మీద నేర్చుకోవడమంటే గట్టు మీద నిలబడి ఈత నేర్చుకోవడమే" అంటారు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. అయితే ఈ పదిహేనేళ్లలో దీని మీద గట్టి పరిశోధనలు వచ్చాయి. వాటిని మన ఆసుపత్రుల పక్కన పెట్టి చూస్తే, దేనికి ఏది మేలో చాలావరకు తేల్చుకోవచ్చు.

ముందు వార్డు సంగతి. కర్నూలు సర్వజన ఆసుపత్రికి జిల్లా వాళ్లే కాదు, గద్వాల నుంచి, బళ్లారి, రాయచూరు వైపు నుంచి కూడా వస్తారు. ఒక్క మెడికల్ వార్డు చుట్టి వస్తే షుగరు ముదిరిన కాలు, పక్షవాతం, టీబీ, పురుగుల మందు తాగిన కేసు, పాము కరిచిన కేసు అన్నీ కనబడతాయి. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినబడతాయి. అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లోనూ పోస్టింగుకు వెళ్లే పిల్లలకు రోగాల కొరత ఉండదు. ఇంత విస్తారంగా చూసే అవకాశాన్ని ఏ ల్యాబూ ఇవ్వలేదు.

అంతకంటే పెద్ద సంగతి మనిషిని చూడడం. ఒక ముసలావిడ మంచం మీద కూర్చుని ఉంటుంది. "ఎట్లుంది అవ్వా?" అంటే "బాగనే ఉండా తల్లీ" అంటుంది. కానీ ఆ మూడు మాటలకు మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుంటుంది. రెండు చేతులూ మంచం అంచును గట్టిగా పట్టుకుని ఉంటాయి. వెనక్కి వాలమంటే వాలదు. బీపీ మిషన్ తియ్యకముందే ఈమెకు ఆయాసం ఎక్కువైందని పట్టుకోవాలి. చాలామంది పిల్లలు మొదటి రోజుల్లో ఆవిడ చెప్పిన "బాగనే ఉండా" అన్న మాటనే కేస్ షీటులో రాసి ముందుకు పోతారు. చూసే కన్ను మంచాల మధ్య తిరిగితేనే వస్తుంది. మ్యానికిన్‌కు, అంటే ల్యాబ్‌లోని మనిషి బొమ్మకు, ఊపిరి వేగం పెంచవచ్చు గానీ, సిస్టరమ్మను ఇబ్బంది పెట్టకూడదని నొప్పి దాచుకునే స్వభావాన్ని దానికి నేర్పలేం.

వార్డు ఇవ్వలేనివీ ఉన్నాయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం ఒక విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు, పదిమంది విద్యార్థులకు ఒక టీచరు ఉండాలి. కానీ ఒకే వార్డుకు రెండు మూడు కాలేజీల పిల్లలు ఒకే పూట వస్తే, ఒక డ్రెస్సింగ్ చుట్టూ గుంపు కడతారు. ముందు నిలబడ్డ ఇద్దరు చూస్తారు, వెనక ఉన్నవాళ్లు ముందున్న వాళ్ల భుజాలు చూస్తారు. ఎవరికి ఏ కేసు తగులుతుందనేది అదృష్టం. లేబర్ రూము పోస్టింగ్ మొత్తం అయిపోయినా ఒక్క తీవ్ర రక్తస్రావం కేసు చూడని అమ్మాయి ఉంటుంది. పాపం, అదే అమ్మాయి ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే రాత్రి డ్యూటీలో అలాంటి కేసు ముందు ఒంటరిగా నిలబడవచ్చు.

ఎమర్జెన్సీ వచ్చినప్పుడు విద్యార్థిని పక్కకు జరగమంటారు. అనాల్సిందే, అక్కడ ప్రాణం ముఖ్యం. దాంతో, చెయ్యి తడబడకూడని పని ఏదో సరిగ్గా దాన్నే విద్యార్థి చేత్తో చెయ్యకుండా కోర్సు పూర్తి చేస్తుంది. ఈ ఖాళీని పూడ్చడానికే ల్యాబ్ కావాలి.

ల్యాబ్ వైపు అందరూ ముందు చెప్పేది అమెరికాలో నర్సుల లైసెన్సు పరీక్ష నడిపే నేషనల్ కౌన్సిల్ ఆఫ్ స్టేట్ బోర్డ్స్ ఆఫ్ నర్సింగ్ 2014లో వెలువరించిన అధ్యయనం. పది నర్సింగ్ విద్యాసంస్థల్లో విద్యార్థులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వార్డు పోస్టింగులు. రెండో గుంపుకు క్లినికల్ గంటల్లో 25 శాతం, మూడో గుంపుకు 50 శాతం సిమ్యులేషన్. చివరిదాకా కొనసాగిన 666 మందిని చూస్తే జ్ఞానంలో, పనితనంలో, లైసెన్సు పరీక్ష పాసయ్యే శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉద్యోగంలో చేరాక మొదటి ఆరు నెలలు పై అధికారులు ఇచ్చిన అంచనాలోనూ తేడా లేదు.

ఈ ఫలితాన్ని చూపించి "సగం వార్డు తీసేసినా నష్టం లేదు" అనేవాళ్లున్నారు. వాళ్లు ఆ అధ్యయనంలో సగమే చెబుతున్నారు. అక్కడ సిమ్యులేషన్ నడిపిన టీచర్లకు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చారు. ప్రతి సన్నివేశం తర్వాత పిల్లలను కూర్చోబెట్టి డీబ్రీఫింగ్ చేశారు. "నీకు అప్పుడు ఏం కనబడింది? ఆక్సిజన్ ముందు పెట్టాలని ఎందుకు అనుకున్నావు? డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పావు, ఏం వదిలేశావు?" అని అడుగుతారు. తప్పొప్పులు టీచరు వల్లించకుండా విద్యార్థి తన ఆలోచనను తానే బయటపెట్టేలా చెయ్యాలి. నేర్చుకోవడంలో ఎక్కువ భాగం జరిగేది అక్కడే. మన దగ్గర చాలా చోట్ల బొమ్మ వచ్చింది గానీ ఈ కూర్చోబెట్టడం రాలేదు. టీచరు ఒకసారి చేసి చూపిస్తారు, ఇద్దరు ముగ్గురు చేస్తారు, అందరి లాగ్‌బుక్కుల్లో సంతకాలు పడతాయి. దాన్ని సిమ్యులేషన్ అనడానికి నాకు నోరు రాదు.

2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ నర్సింగ్‌ను సెమిస్టర్ పద్ధతిలోకి మార్చినప్పుడు సిమ్యులేషన్‌ను సిలబస్‌లో చేర్చింది. మంచి నిర్ణయం. కాకపోతే ఆ గంటల విలువ నడిపే టీచరును బట్టే ఉంటుంది. లక్షలు పోసి కొన్న మ్యానికిన్ పక్కన శిక్షణ లేని టీచరు ఉండడం కంటే, మామూలు డమ్మీ పక్కన ప్రశ్నలు అడగడం తెలిసిన టీచరు ఉండడం మేలు.

వార్డా, ల్యాబా అన్న ఈ వాదనలో ఎవరూ పట్టించుకోని మూడో దారి ఒకటి ఉంది: బొమ్మను పని జరిగే గదిలోకే తెచ్చి, అక్కడే మళ్లీ మళ్లీ సాధన చెయ్యడం. నా దృష్టిలో అసలు జవాబు దాని దగ్గరే ఉంది.

పుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలో ఏం చెయ్యాలో నేర్పే 'హెల్పింగ్ బేబీస్ బ్రీత్' శిక్షణ 2010లో మొదలైంది. దానికి వాడే బొమ్మ పేరు నియోనటాలీ. కరెంటు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. లోపల నీళ్లు నింపితే అప్పుడే పుట్టిన బిడ్డ బరువు తూగుతుంది. టీచరు చేతిలో ఉన్న చిన్న రబ్బరు బుడ్డి నొక్కితే బొడ్డుతాడులో నాడి కొట్టుకుంటుంది. ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కినప్పుడు తల సరైన కోణంలో ఉండి, మాస్కు ముఖానికి చుట్టూ అతుక్కుని ఉంటేనే ఛాతీ లేస్తుంది. మెడ మరీ వెనక్కి వంచినా, మరీ ముందుకు వంగినా లేవదు. మాస్కు పక్కనుంచి గాలి పోతే బుస్సుమని చెవికి వినబడుతుంది. నేర్చుకునే అమ్మాయి గాభరాగా బ్యాగ్‌ను ఇంకా గట్టిగా నొక్కుతుంది, ఛాతీ మాత్రం కదలదు. ఒక్క క్షణం ఆగి, తల సర్ది, గడ్డం కింద వేలు సరిచేసుకుని మళ్లీ నొక్కితే ఛాతీ మెల్లగా పైకి లేస్తుంది. ఆ తేడా ఒకసారి చేతికి తెలిసిందంటే ఇక మరిచిపోవడం కష్టం.

అయినా, టాంజానియాలోని హైడమ్ అనే గ్రామీణ ఆసుపత్రిలో ఈ శిక్షణను ఒక్కరోజు కోర్సుగా ఇచ్చి చూస్తే, బొమ్మ మీద సిబ్బంది పనితనం బాగా పెరిగింది గానీ లేబర్ రూములో నిజమైన బిడ్డల దగ్గర చేసే పని మారలేదు. 2013లో వచ్చిన ఈ ఫలితాన్ని ప్రతి ట్రైనింగ్ హాలు గోడ మీదా రాసిపెట్టాలనిపిస్తుంది. బొమ్మా అదే, పాఠమూ అదే, ఫలితం మాత్రం మంచం దాకా రాలేదు.

ఆ తర్వాత అదే ఆసుపత్రిలో పద్ధతి మార్చారు. బొమ్మను లేబర్ రూములోకే తెచ్చారు. వారానికి 3 నుంచి 5 నిమిషాలు డ్యూటీలోనే సాధన, మధ్యమధ్యలో కాస్త పెద్ద పునశ్చరణ. ఈసారి పుట్టిన 24 గంటల్లోపు చనిపోయే బిడ్డల సంఖ్య వెయ్యికి 11.1 నుంచి 7.2కు తగ్గిందని 2015లో ప్రకటించారు. మన పక్క రాష్ట్రం బెళగావి ప్రాంతంలో ఇదే కార్యక్రమం తర్వాత మృత శిశు జననాలు 3.0 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గాయని 2013లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది.

తల్లుల విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. కాన్పు తర్వాతి రక్తస్రావం మీద 2023లో ఈ-మోటివ్ అనే పెద్ద అధ్యయనం వెలువడింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు, 2,10,132 మంది తల్లులు. కాన్పు కాగానే తల్లి కింద, కారిన రక్తాన్ని పట్టి కొలిచే గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్ పరిచారు. రక్తం 300, 500 మిల్లీలీటర్ల గీతలను చేరుతోందా అని చూస్తూ, దాటగానే గర్భాశయం మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా మొదలుపెట్టారు. తీవ్ర పరిణామాలు మామూలు పద్ధతిలో నడిచిన ఆసుపత్రుల్లో 4.3 శాతం ఉంటే, ఇక్కడ 1.6 శాతం. కంటి అంచనాతో సగం రక్తస్రావాలే పట్టుకోగలిగారు, డ్రేప్ ఉన్నచోట 93 శాతం పట్టుకున్నారు. సిబ్బందికి శిక్షణ వాళ్ల ఆసుపత్రిలోనే సిమ్యులేషన్‌తో ఇచ్చారు. ఈ ఫలితం మొత్తం శిక్షణదే అనలేం, డ్రేప్ పాత్ర చాలా ఉంది. కానీ సాధన, సామాను, జట్టు మూడూ పని జరిగే గదిలోనే కలిశాయి.

మన జిల్లాలకు దీన్ని ఎలా తెచ్చుకోవాలి? నేనైతే పాముకాటుతో మొదలుపెడతాను. వానలు పడి వేరుశనగ పనులు మొదలైతే అనంతపురం, కర్నూలు పల్లెల్లో పాముకాటు కేసులు వస్తూనే ఉంటాయి. ఇందులో వార్డులోనే నేర్చుకోవాల్సింది ఒకటుంది, డ్రిల్లులో నేర్చుకోవాల్సింది ఒకటుంది. రక్తం గడ్డకట్టే పరీక్ష వార్డులో నేర్చుకోవాలి. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు ఒకసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా కారితే రక్తపింజరి లాంటి పాము విషం ఎక్కినట్టు. ప్లాస్టిక్ ట్యూబులో చేస్తే ఫలితాన్ని నమ్మలేం. మధ్యలో ఆత్రంగా ఊపి చూసినా అంతే. ఆ 20 నిమిషాలూ ట్యూబు పక్కన ఓపికగా ఉంటూ, పేషెంటు కనురెప్పలు వాలుతున్నాయా అని చూస్తూ ఉండడం వార్డే నేర్పుతుంది.

ఇక పాము విషానికి విరుగుడైన యాంటీ వెనమ్ ఎక్కుతుండగా ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బిగిసి, బీపీ పడిపోయే రియాక్షన్ సంగతి వేరు. అది ఎప్పుడు వస్తుందో తెలియదు, వస్తే నిమిషాల మీద నడవాలి. ఎక్కుతున్న యాంటీ వెనమ్ ఆపడం, పెద్దవాళ్లకైతే అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు తొడ కండరంలో ఇవ్వడం, కేక వేసి సాయం పిలవడం. ఏ విద్యార్థి చేతికీ ఈ పని వార్డులో ఇవ్వరు. దీన్ని డమ్మీ మీద, అదే వార్డు ట్రాలీ పక్కన, అదే మందుల డబ్బాలోంచి అడ్రినలిన్ వెతికి తీసే దగ్గర్నుంచి సాధన చెయ్యాలి. ల్యాబ్‌లో ట్రాలీ ఎప్పుడూ సర్దినట్టే ఉంటుంది. వార్డులో ఏ అరలో ఏముందో తెలియకనే సగం సమయం పోతుంది.

కళ్లకు కట్టుకునే వర్చువల్ రియాలిటీ సెట్ల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. 2020లో వచ్చిన ఒక మెటా అనాలిసిస్ (చాలా అధ్యయనాలను కలిపి చూసే లెక్క) ప్రకారం వాటితో విషయ జ్ఞానం పెరుగుతుంది గానీ, నైపుణ్యంలోనూ ఆత్మవిశ్వాసంలోనూ మామూలు పద్ధతుల కంటే మెరుగు కనబడలేదు. డబ్బు తక్కువున్న కాలేజీ ఇప్పుడే వాటి జోలికి పోనక్కర్లేదు.

కాబట్టి నా తీర్పు ఇది. ఇంజెక్షన్, క్యాన్యులా, ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబు, మూత్రం పోవడానికి పెట్టే క్యాథెటర్ లాంటి చేతి పనులకు మొదటి మెట్టు ల్యాబే. చెయ్యి కుదిరేదాకా పేషెంటు దగ్గరికి పంపకూడదు, పేదవాడి ఒళ్లు ప్రాక్టీసు పలక కాకూడదు. మనిషిని చూడడం, మాట్లాడడం, మందుల మధ్య, మనుషుల మధ్య పని సర్దుకోవడం వార్డువే. వాటి గంటలు తగ్గించి ల్యాబ్‌తో నింపడానికి నేను ఒప్పుకోను. అరుదుగా వచ్చి ప్రాణం తీసే వాటికి మాత్రం రెండూ చాలవు. వార్డులోనే చిన్న చిన్న డ్రిల్లులు, మళ్లీ మళ్లీ చెయ్యాలి. ఒక కాలేజీ చేతిలో డబ్బు కొంచెమే ఉంటే ఖరీదైన మ్యానికిన్ ఆపి, నాలుగు చవక డమ్మీలు కొని, మిగిలింది టీచర్ల శిక్షణకు పెట్టమంటాను.

కాలేజీ చూడ్డానికి వచ్చే తల్లిదండ్రులు ల్యాబ్ ఫొటో చూసి ఊరుకోకండి. మూడో సంవత్సరం చదివే అమ్మాయిని ఒకరిని పక్కకు పిలిచి, "ఆ బొమ్మ మీద నువ్వు చివరిసారి ఎప్పుడు చేశావమ్మా? చేశాక మేడమ్ నిన్ను ఏం అడిగారు?" అనండి. పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో, ఒక వార్డులో ఎంతమందిని పెడతారు అన్నదీ అడగండి.

ఆసుపత్రుల వైపు నుంచి కావాల్సింది ఇంకా చిన్నది. డ్రిల్లుకు ఐదు నిమిషాలు డ్యూటీ చార్టులో రాసి ఉండాలి, లేకపోతే జనం కిటకిటలాడే వార్డులో అది జరగదు. డ్యూటీ మారే సమయంలో రెండు షిఫ్టుల సిస్టర్లూ ఉంటారు, పోస్టింగ్ పిల్లలూ ఉంటారు. వారంలో ఒక రోజు ఆ సమయాన్ని హెడ్ సిస్టర్ దీనికి ఇస్తే చాలు. బొమ్మను తాళం వేసిన అల్మరాలో కాకుండా లేబర్ రూములో పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ పక్కనే ఉంచాలి, దాని పక్కనే అంబూ బ్యాగ్, సున్నా సైజు, ఒకటో సైజు మాస్కులు ఉండాలి.