కష్టకాలంలో చదివే ‘రోజుకో పేజీ’ పుస్తకాలు: ఏవి తోడుంటాయి, ఏవి చేతులెత్తేస్తాయి

ఇంట్లో మనిషి పోయినప్పుడు, పెద్ద జబ్బు బయటపడ్డప్పుడు, ఉద్యోగమో కాపురమో చేజారినప్పుడు ‘కాస్త ధైర్యం కోసం చదువుకోండి’ అంటూ ఎక్కువగా చేతిలో పెట్టేది రోజుకో పేజీ రకం పుస్తకాన్నే. ఏడాదికి సరిపడా 365 చిన్న పాఠాలు. ఒక్కో పేజీలో పైన ఒక గ్రంథవాక్యం, కింద నాలుగు పేరాల వివరణ, చివర ఒక ప్రార్థనో ఆలోచనో ఉంటాయి. అనుదిన ధ్యానాలని, రోజుకో శ్లోకమని, నిత్య సూక్తులని పేర్లు వేరైనా అచ్చు మాత్రం ఒకటే. ఈ అచ్చు మంచిదే, కొనదగ్గదే. కాకపోతే ఇలాంటి పుస్తకాలు చాలావాటిలో ఒకే లోపం కనిపిస్తుంది. బాధను చెప్పుకోనివ్వకుండానే ఓదార్చడం మొదలుపెడతాయి. ఆ లోపం లేని పుస్తకాన్ని ఎంచుకోవడం ఎలాగో, ఎంచుకున్నాక దాన్ని ఎలా చదవాలో తెలిస్తే ఇది నిజంగా పనికొచ్చే తోడు.

ముందు ఈ అచ్చు ఎందుకు పనిచేస్తుందో చూద్దాం. దుఃఖంలో ఉన్న మనిషికి నిద్ర ఉండదు, ఏకాగ్రత ఉండదు. చదివిన వాక్యాన్నే మూడుసార్లు చదివినా బుర్రకెక్కదు. పెద్ద పుస్తకం చదవాలంటే నిన్నటి అధ్యాయం ఇవాళ గుర్తుండాలి. రోజుకో పేజీ పుస్తకం అది అడగదు. నిన్న చదివింది మరిచిపోయినా ఇవాళ్టి పేజీ దానంతటది నిలబడుతుంది. అందుకే పేజీ చిన్నదిగా ఉండాలి, మూడు నాలుగు నిమిషాల్లో అయిపోవాలి. ఒక్కో రోజుకు రెండు మూడు పేజీలు కేటాయించిన పుస్తకాలు మంచి రోజుల్లో చదువుకోవడానికి బాగుంటాయి గానీ, ఇలాంటప్పుడు బరువవుతాయి.

కొనేముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పుస్తకం చివర విషయాల పట్టిక ఉంటే అందులో మరణం, భయం, కోపం అనే మూడింటినీ వెతికి ఆ పేజీలు తెరవండి. పట్టిక లేకపోతే మధ్యలో ఎక్కడో మూడు చోట్ల తిప్పి చూడండి. బాధ గురించి ఎన్ని వాక్యాలున్నాయి, పరిష్కారం ఎన్నో వాక్యంలో మొదలైంది? రెండో వాక్యంలోనే ‘అయినా దిగులు పడకండి’ అని వచ్చేస్తే ఆ పుస్తకం పక్కన పెట్టేయొచ్చు. కోపం అన్న మాటే పట్టికలో లేకపోతే మరీ అనుమానించాలి. మనిషి పోయిన ఇంట్లో ఏడుపు ఎంత సహజమో దేవుడి మీద, డాక్టర్ల మీద, పోయినవాళ్ల మీద కోపమూ అంతే సహజం.

పాత గ్రంథాలు ఈ విషయంలో ఎంత ఓపిగ్గా ఉన్నాయో చూస్తే తేడా తెలుస్తుంది. భగవద్గీతలో మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. అర్జునుడు ఒళ్లు వణుకుతోందంటాడు, నోరు ఎండిపోతోందంటాడు, చేతిలోంచి గాండీవం జారిపోతోందంటాడు. కృష్ణుడి ఉపదేశం మొదలయ్యేది రెండో అధ్యాయం 11వ శ్లోకంలో. మధ్యలో రెండు శ్లోకాల్లో మందలించినా, అంతదాకా చెప్పుకోనిచ్చాడు. బైబిల్లోని 150 కీర్తనల్లో మొర పెట్టుకునేవి, విలపించేవి చాలానే ఉన్నాయి. 88వ కీర్తనైతే ఏ ఓదార్పూ లేకుండా చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. బైబిల్లోనే పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు కథలో, అతని స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు తప్పులో కాలేసింది నోరు విప్పి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే. పోతన గజేంద్రుడు సరేసరి, మొర పెట్టుకుంటూనే అసలు ఆ దేవుడు ఉన్నాడో లేడో అని సందేహపడతాడు. ఆ సందేహాన్ని పోతన దాచలేదు, ప్రార్థన నడిమధ్యలోనే పెట్టాడు. మంచి రోజువారీ పుస్తకం రాసినవాళ్లకు ఇది తెలిసి ఉంటుంది. వాళ్ల పేజీల్లో ‘ఎందుకిలా జరిగింది’ అన్న ప్రశ్న జవాబు లేకుండానే నిలిచిపోయే రోజులు కూడా కొన్ని ఉంటాయి.

అస్సలు కొనకూడనివి రెండు రకాలు. మొదటిది తప్పు వెతికేది. నీ విశ్వాసం చాల్లేదు, పూర్వజన్మ కర్మ, నీ ఆలోచనలే దీన్ని రప్పించాయి అంటూ ఒక్కో సంప్రదాయం తన మాటల్లో అదే నింద వేస్తుంది. బాధలో ఉన్నవాళ్లు అప్పటికే ‘ఆ రోజు ఆసుపత్రికి ముందే తీసుకెళ్లి ఉంటే’ అని తమను తాము తిట్టుకుంటూ ఉంటారు. దానికి గ్రంథం ముద్ర కూడా పడితే ఆ గాయం మానడం కష్టం. రెండోది గడువు పెట్టేది. ఇన్ని రోజులు చదివితే పని జరుగుతుంది, రోగం తగ్గుతుంది అని హామీ ఇస్తుంది. గడువు దాటినా తగ్గకపోతే మనిషికి ఆశతో పాటు అప్పటిదాకా పట్టుకున్న చదువు కూడా పోతుంది. దీక్షగా ఇన్ని రోజులు చదవడం వేరు, ఫలితానికి తేదీ వేయడం వేరు. పారాయణ చేసేవాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు.

సూక్తుల పుస్తకాలకు ఇంకో పరీక్ష ఉంది. ప్రతి సూక్తి కింద మనిషి పేరొక్కటే ఉందా, అది ఏ గ్రంథంలో ఎక్కడుందో కూడా ఉందా? అధ్యాయం, శ్లోకం, వచనం, ఆయతు (ఖురాన్ వాక్యం) సంఖ్య ఇచ్చిన పుస్తకం ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసినది. పేర్లు మాత్రమే ఉంటే సగం మాటలు ఎవరివో తేల్చడం కష్టం. ప్రపంచంలో నువ్వు చూడాలనుకునే మార్పు నువ్వే కావాలి అని గాంధీ పేరు మీద ఊరూరా తిరిగే వాక్యం ఆ రూపంలో ఆయన రచనల్లో దొరకదు. సంఖ్య ఉండటం వల్ల ఇంకో లాభం ఏమిటంటే, ఒక వాక్యం మనసుకు పట్టుకున్న రోజున మూలం తెరిచి దాని ముందూ వెనకా ఏముందో చదువుకోవచ్చు.

తేదీలు వేసిన పుస్తకమా, వేయనిదా? కష్టంలో ఉన్నవాళ్లకు తేదీలు లేనిదే మంచిది. జనవరి 1, జనవరి 2 అని ఉన్న పుస్తకంలో ఒక వారం తప్పిపోతే ఏడు పేజీలు బాకీ పడ్డట్టు అనిపిస్తుంది. ఆ బాకీ తీర్చడానికి ఒకేసారి చదివితే ఏదీ మనసులో దిగదు, చదవకపోతే అపరాధభావం. చాలామంది పుస్తకం వదిలేసేది ఇక్కడే. ‘మొదటి రోజు, రెండో రోజు’ అని అంకెలున్నవి, లేదా విషయాలవారీగా విభజించినవి తీసుకుంటే ఆగిన చోట మళ్లీ మొదలుపెట్టొచ్చు. తేదీలున్నదే చేతికొస్తే తప్పిపోయిన పేజీలను వచ్చే ఏడాదికి వదిలేసి ఇవాళ్టి తేదీ తెరవండి.

పుస్తకం తయారీని జనం పట్టించుకోరు గానీ, రోజూ చేతికెత్తుకునే వస్తువుకు అదే ప్రాణం. జిగురుతో అంటించిన బైండింగు అయితే కొన్నాళ్లకు వెన్ను పగిలి పేజీలు ఊడొస్తాయి. దారంతో కుట్టినది బల్ల మీద పెడితే తెరిచిన పేజీ తెరిచినట్టే ఉంటుంది, చేత్తో నొక్కి పట్టుకోనక్కర్లేదు. ఏ రకం బైండింగో తెలుసుకోవడానికి వెన్ను పై అంచు చూడండి. కుట్టు బైండింగులో కాగితాలు చిన్న చిన్న మడతల కట్టలుగా కనిపిస్తాయి. జిగురు బైండింగులో విడి కాగితాల అంచులు ఒకే గీతలా ఉంటాయి. పేజీ వెనక ఉన్న అక్షరాలు ముందుకు కనిపించేంత పల్చటి కాగితం అలసిన కళ్లకు శత్రువు. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లకు, పెద్ద వయసువాళ్లకు 16 పాయింట్ల అక్షరం కావాలి. తెలుగులో ఇంకో చిక్కుంది. వత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి పంక్తుల మధ్య జాగా లేకపోతే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. అక్షరం పెద్దదై జాగా ఇరుకైతే ప్రయోజనం లేదు, రెండూ చూడాలి. శ్లోకాల పుస్తకమైతే ప్రతిపదార్థం, తాత్పర్యం వేరువేరు అక్షరాల్లో ఉన్నాయా అన్నది కూడా ముఖ్యం. ఈ సమయంలో కంటికి నేరుగా తాత్పర్యం దొరకాలి, ప్రతిపదార్థం తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు.

ఇక చదివే పద్ధతి. పుస్తకం ఎంత మంచిదైనా నవలలా చదివితే ఏమీ మిగలదు. ఉపనిషత్తులు చెప్పిన శ్రవణం, మననం, నిదిధ్యాసనం (వినడం, తలపోయడం, దాని మీదే మనసు నిలపడం) ఒక దారి. క్రైస్తవ మఠాల్లో 12వ శతాబ్దం నాటికి చదవడం, తలపోయడం, ప్రార్థించడం, మౌనంగా నిలవడం అని నాలుగు మెట్లుగా స్థిరపడింది ఇంకో దారి. రెండూ చెప్పేది తక్కువ చదివి ఎక్కువసేపు దానితో ఉండమనే. ఆచరణలో ఇలా చేయొచ్చు. ఫోను ముట్టుకోకముందే, లేచిన చోటే పేజీ తెరిచి గ్రంథవాక్యాన్ని మాత్రం గొంతెత్తి నెమ్మదిగా రెండుసార్లు చదవండి. తర్వాత వివరణ మనసులో చదువుకోండి. మళ్లీ గ్రంథవాక్యం ఒకసారి. అందులో పట్టుకున్న ఒక్క మాటను ఒక చిన్న కాగితం మీద చేత్తో రాసి జేబులో పెట్టుకోండి. మొత్తం పది నిమిషాలు దాటదు.

గొంతెత్తి చదవమనడానికి కారణం ఉంది. పెద్దవాళ్లు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో క్రైస్తవుల జపమాల ప్రార్థనను లాటిన్‌లో చదివినప్పుడూ, బౌద్ధుల ఓం మణి పద్మే హుం మంత్రాన్ని జపించినప్పుడూ ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుకు తగ్గింది. గుండె లయ మీద కూడా దాని మేలు కనిపించింది. పొడుగాటి వాక్యాన్ని ఒక్క ఊపిరిలో, తొందర లేకుండా చదివితే వచ్చే నెమ్మది అక్కడిదే. కంగారుగా గడగడా చదివితే ఆ లాభం రాదు. గొంతు పూడుకుపోయి మాట రాని రోజున పెదవులు కదిపినా చాలు.

రాత్రిపూట చదువు గురించి ఒక జాగ్రత్త. నిద్ర పట్టనప్పుడు ఫోనులో యాప్ తెరిస్తే పేజీ కన్నా ముందు నోటిఫికేషన్లు కనిపిస్తాయి. యాప్‌లు వెంట తీసుకెళ్లడానికి, ఆసుపత్రి వరండాలో చదువుకోవడానికి బాగుంటాయి. వరసగా ఎన్ని రోజులు చదివారో లెక్క చూపించే ఏర్పాటు ఉంటే మాత్రం ముందు దాన్ని ఆపేయండి. ఒక రోజు తప్పి ఆ లెక్క సున్నాకి పడితే, అప్పటికే కుంగిన మనసుకు అదొక దెబ్బ. రాత్రికి ఆడియో మేలు. నిద్ర టైమర్ పదిహేను ఇరవై నిమిషాలకు పెట్టి, వాద్యాల హోరు లేని మామూలు గొంతును ఎంచుకోండి.

కొన్నాళ్లకు రోజువారీ పుస్తకం చాలదనిపిస్తుంది. అప్పుడు నేరుగా మూలాలకు వెళ్లొచ్చు. చిన్నవాటితో మొదలుపెట్టడం మంచిది. ఖురాన్‌లో 93, 94 సూరాలు (అధ్యాయాలు) కలిపి 19 ఆయతులే. కష్టంతో పాటే తేలిక ఉందన్న మాట 94వ సూరాలో వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. బుద్ధుడి బోధల సంకలనం ధమ్మపదం 423 గాథలు, రోజుకు మూడు నాలుగు చదవొచ్చు. మతగ్రంథం వద్దనుకునేవాళ్లకు రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ తనకు తాను రాసుకున్న చిన్న చిన్న తలపులు సరిపోతాయి, దేవతల ప్రస్తావన వాటిలో అక్కడక్కడా ఉన్నా. అవి ఆజ్ఞల్లా కాకుండా ఒక మనిషి తనను తాను సముదాయించుకుంటున్నట్టు ఉంటాయి. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బయటపడిన మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ 1946లో ప్రచురించిన పుస్తకం (ఇంగ్లీషులో ‘మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్’) గొప్పదే గానీ, మొదటి సగంలోని శిబిర వర్ణనలు తీవ్రంగా ఉంటాయి. దెబ్బ తగిలిన కొత్తలో కాకుండా కొన్ని నెలలు గడిచాక ఇవ్వాల్సిన పుస్తకమది.

ఈ చదువు చికిత్స కాదని కూడా స్పష్టంగా చెప్పాలి. రెండు వారాలు దాటినా రోజంతా దిగులు వీడకపోతే, నిద్రా ఆకలీ తిరిగి రాకపోతే డాక్టరును చూడాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా ఆ రోజే వెళ్లాలి, ఇంట్లో ఒకరికి ఆ మాట చెప్పాలి. పుస్తకం మూసేయమని కాదు, మందు వాడుతూనే చదువుకోవచ్చు. మందు అక్కర్లేదు, ప్రార్థనొక్కటే చాలని చెప్పే పుస్తకం ఏ సంప్రదాయానిదైనా ఇంట్లో ఉంచకండి.

ఇతరుల కోసం కొంటున్నట్టయితే మొదటి వారంలో ఇవ్వకండి. అప్పుడు వంటా పనీ చూసేవాళ్లు కావాలి గానీ పుస్తకాలు కాదు. వచ్చేపోయేవాళ్లు తగ్గి ఇల్లు ఖాళీ అయ్యాక ఇవ్వండి. వాళ్లు నమ్మే సంప్రదాయంలోనిదే ఇవ్వండి, మీరు నమ్మేది కాదు. ముందు మీరే చదివి, వాళ్ల పరిస్థితికి తగిన ఒక్క పేజీకి కాగితం ముక్క గుర్తుగా పెట్టండి. లోపల హితవులేవీ రాయకుండా మీ పేరు, తేదీ వేస్తే చాలు. ఆ తర్వాత కలిసినప్పుడు చదివారా అని అడగకండి.